పోటు లెక్క

ఫోను మోగేసరికి టీచరమ్మ ఇంకా స్కూలు మెట్లు కూడా ఎక్కలేదు. అవతల తోడికోడలు. ఆమె గొంతు మామూలుగా వీధి చివరిదాకా వినపడుతుంది. ఆవేళ మాత్రం నూతిలోంచి వస్తున్నట్టు ఉంది.

"అక్కా, మీ మరిది గేటు కింద ఇరుక్కుపోయాడంట. రేవులో. నేను బయల్దేరాను. నువ్వు రా."

ఇంకో మాట అడిగేలోపు ఫోను పెట్టేసింది.

భర్తకు చెబుదామంటే ఆయన ఓడలో ఇంజను పని చేస్తాడు, ఆ వారమంతా నడిసముద్రంలో ఉన్నాడు, ఫోను అందదు. అన్నదమ్ములిద్దరే. పెద్దాడు లేనప్పుడు ఇంటికి పెద్ద తనే. హెడ్మాస్టరుకు ఒక ముక్క చెప్పి, రేవు వైపు పోతున్న కూరగాయల వ్యానును ఆపి ఎక్కేసింది.

మరిదికి నలభై దాటినా ఇంట్లో అందరికీ ఇంకా చిన్నాడే. టీచరమ్మ కొత్తకోడలిగా అడుగుపెట్టేనాటికి వాడు పదో తరగతి తప్పి, మళ్లీ రాయనని భీష్మించుకు కూర్చున్నాడు. వదిన పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు నూరిపోసింది. ముప్పై ఐదు మార్కులతో గట్టెక్కాడు. "మా వదిన నన్ను ఒడ్డున పడేసింది, లెక్కలు మాత్రం ఆ ఒడ్డునే ఉండిపోయాయి" అని ఇప్పటికీ నవ్వుతాడు. రేవులో నీటి గేట్ల మెకానిక్కు. ఇనుముతో చేసిన ఏ వస్తువైనా వాడు చెయ్యి వేస్తే మాట వింటుందని పేరు.

ఆరోజు మాత్రం వినలేదు.

ఊళ్లోని మురుగునీరు సముద్రంలో కలిసే చోట కాంక్రీటు గొయ్యి ఉంది. మూడు నిలువుల లోతు. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీరు కాలవల్లోకి ఎగదన్నకుండా ఆ గోతిలో ఉక్కు గేటు దింపుతారు. నీళ్లు పూర్తిగా వెనక్కి తీసే ఆటు సమయం చూసుకుని అప్పుడప్పుడు మనుషులు కిందికి దిగి, గేటు జారే గాడిలో పేరుకున్న గుల్లలు గీకుతారు. ఆ ఉదయం చిన్నాడు గీకుతుండగా పైన గొలుసు లంకె తెగింది. గేటు వంకరగా పడి గాడిలో బిగుసుకుపోయింది. చిన్నాడి ఎడమ పాదం, మడమ పైదాకా దాని కింద ఉండిపోయింది.

టీచరమ్మ వెళ్లేసరికి గోతి చుట్టూ జనం. ఫైరు సిబ్బంది క్రేనుతో ఒకసారి లాగి చూశారట. గేటు ఒక అంచు లేస్తే రెండో అంచు ఇంకా కిందికి నొక్కింది. చిన్నాడు పెట్టిన కేకకు క్రేను నడిపేవాడు చేతులెత్తేశాడు. నీళ్లలో కూడా పనిచేసే జాకీలున్న రెస్క్యూ బండి పక్క పట్నం నుంచి రావాలి. పదకొండు కొట్టేసరికి వస్తుందన్నారు.

తోడికోడలు గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చినట్టు. టీచరమ్మను చూడగానే చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది.

టీచరమ్మ కిందికి తొంగిచూసింది. చిన్నాడు గోడకు వీపు ఆనించి, సగం వంగి నిలబడి ఉన్నాడు. చంకల కింద నుంచి తాడు వేసి పైనుంచి పట్టుకున్నారు. గేటు కింది సందులోంచి నీరు నాలుకలా లోపలికి పాకుతోంది.

"వదినా వచ్చావా? స్కూలు ఎగ్గొట్టావే!" అన్నాడు పైకి చూసి. నవ్వబోయాడు గాని పళ్లు మాత్రమే కనిపించాయి.

అప్పుడే నిచ్చెన ఎక్కి పైకి వచ్చింది సర్జను. పెద్దాసుపత్రి నుంచి అంబులెన్సులో వచ్చిన డాక్టరమ్మ. చేతి తొడుగులు తీస్తూ తోడికోడలి ఎదుట నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"పాదం నలిగిపోయింది. గేటే నొక్కిపట్టి ఉంది కాబట్టి నెత్తురు మెల్లగా పోతోంది. మెల్లగానే అయినా ఇప్పటికి చాలా పోయింది. జాకీల మిషను టైముకు వస్తే పాదం దక్కించడానికి ప్రయత్నిస్తా. రాకపోతే మోకాలి కింద కొయ్యాలి. రక్తం ఎక్కించకుండా కోస్తే గుండె తట్టుకోకపోవచ్చు. రక్తం పదింబావుకి వస్తుంది."

"అయితే పదింబావుదాకా ఆగండి" అంది తోడికోడలు.

"నేను ఆగుతానమ్మా, నీళ్లు ఆగాలి కదా. మోకాలు మునిగిందంటే నాకు కొయ్యడానికి చోటు కనిపించదు. అప్పుడింక ఏమీ చెయ్యలేను."

"ముక్కుకి గొట్టం పెట్టి ఊపిరి ఆడిస్తే?" అన్నాడు ఫైరు సిబ్బందిలో ఒకడు.

"నెత్తురు పోయిన మనిషి, పైగా అల లోపలికి కొడుతుంటే ఎంతసేపు నిలబడతాడు? ఐదు నిమిషాలు కూడా నిలబడడు."

గేట్ల సూపర్వైజరు జేబులోంచి పోటు పట్టిక తీశాడు. నెమ్మదస్తుడు, చిన్నాడంటే ప్రాణం పెట్టేవాడు. కాగితం రెండు చేతులా పట్టుకున్నాడు. "ఆటు తొమ్మిదింటికి. గోడకున్న కొలబద్ద మీద నలభై సెంటీమీటర్లు. పోటు నిండేది మూడూ పన్నెండుకి, నాలుగు మీటర్ల నలభై. అంటే ఆరు గంటల చిల్లరలో నాలుగు మీటర్లు ఎక్కాలి. గంటకి అరవై ఐదు సెంటీమీటర్లు. వాడి మోకాలు కొలబద్ద మీద తొంభై దగ్గరుంది. తొమ్మిదీ నలభై ఆరుకల్లా మునుగుతుంది, డాక్టరుగారూ."

అప్పటికే తొమ్మిదీ ఇరవై అయింది. డాక్టరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. "అయితే ఇప్పుడే మొదలుపెట్టాలి. రక్తం లేకుండానే."

తోడికోడలు నోట్లో కొంగు కుక్కుకుంది.

"అలా ఎక్కదు సార్" అంది టీచరమ్మ.

అందరూ తిరిగి చూశారు. తను అన్నదని ఆమెకే ఒక క్షణం తెలియలేదు.

"గంటకింత అని సమానంగా ఎక్కదు. ఉయ్యాల చూడండి. చివరికి పోయి తిరిగేటప్పుడు ఆగినట్టే ఉంటుంది, నడుమకు వచ్చేసరికి దూసుకుపోతుంది. నీళ్లు ఇప్పుడు చివరన ఉన్నాయి. మెల్లగా ఎక్కుతాయి."

"ఎంత మెల్లగా?" అంది డాక్టరమ్మ.

వెల్డర్లు గీతలు గీసుకునే సుద్దముక్క గోతి అంచున పడి ఉంది. టీచరమ్మ అది తీసుకుని కాంక్రీటు మీదే కూర్చుంది. ఇరవై ఏళ్లుగా పిల్లల చేత చేయిస్తున్న లెక్కే. కంపన పరిమితి ఇచ్చి, ఆవర్తన కాలం ఇచ్చి, సైను సమీకరణం రాయమంటుంది. రాసినవాళ్లకు ఐదు మార్కులు. తప్పితే సున్నా. ఇక్కడ తప్పితే ఏమవుతుందో ఆలోచించకూడదనుకుంటూ రాయడం మొదలుపెట్టింది. చేతులు ఆడాలంటే నోరు ఆడాలి ఆమెకు, అందుకని పైకే అంటోంది.

"అతి తక్కువ సున్నా పాయింట్ నాలుగు, అతి ఎక్కువ నాలుగు పాయింట్ నాలుగు. తేడా నాలుగు. అందులో సగం రెండు, అది కంపన పరిమితి. నడిమి మట్టం రెండు పాయింట్ నాలుగు. నీళ్లు అక్కడి నుంచి రెండు మీటర్లు పైకి, రెండు మీటర్లు కిందికి ఊగుతాయి. ఆటు నుంచి పోటుకు ఆరు గంటల పన్నెండు నిమిషాలు. మళ్లీ ఆటుకు వచ్చేసరికి దానికి రెట్టింపు, పన్నెండు పాయింట్ నాలుగు గంటలు. అది ఆవర్తన కాలం. మూడువందల అరవై డిగ్రీలు పన్నెండు పాయింట్ నాలుగులో తిరిగితే గంటకు ఇరవై తొమ్మిది. నడిమి మట్టం దాటేది ఆటు తర్వాత మూడు పాయింట్ ఒకటి గంటలకు."

కాంక్రీటు మీద ఒక వరుస నిలిచింది, t అంటే ఆటు తర్వాత గడిచిన గంటలు:

మట్టం = 2.4 + 2 సైన్ 29(t − 3.1)

మోకాలు తొంభై సెంటీమీటర్లు. సున్నా పాయింట్ తొమ్మిది రావాలంటే సైను విలువ మైనస్ ముప్పాతిక కావాలి. ఆ కోణం ఎంతో చూడటానికి ఫోను తీసి నొక్కింది. మైనస్ 0.848 అని వచ్చింది. దాన్ని ఇరవై తొమ్మిదితో భాగించి, మూడు పాయింట్ ఒకటి కలిపింది. మోకాలు మునిగేది పన్నెండు దాటాక అని తేలింది.

సూపర్వైజరు ఆమె భుజం మీంచి చూస్తున్నాడు. "పన్నెండా! అయితే మిషను వచ్చేస్తుందమ్మా!"

తోడికోడలి ముఖం విప్పారింది. టీచరమ్మ మాత్రం ఆ వరుసను మళ్లీ చూసింది. పన్నెండింటికి నీళ్లు నడిమి మట్టంలో ఉండాలి. మోకాలు అప్పటికి మునగకపోవడమేమిటి? సైన్ ముప్పై నొక్కి చూసింది. అర రావాలి. మైనస్ 0.988 వచ్చింది. ఫోను కోణాలను డిగ్రీల్లో కాదు, రేడియన్లనే ఇంకో కొలతలో చూస్తోంది. పిల్లలు ఈ తప్పు చేస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'కళ్లు ఎక్కడున్నాయి?' అని రాసేది.

"కాదు. ఆగండి, కాదు" అంది. మీట మార్చింది. మళ్లీ సైన్ ముప్పై నొక్కింది. అర. ఈసారి కోణం మైనస్ నలభై ఎనిమిది పాయింట్ ఆరు వచ్చింది. భాగించి, మూడు పాయింట్ ఒకటి కలిపి, మళ్లీ ఒకసారి చేతితో చేసి చూసుకుని తలెత్తింది.

"పదీ ఇరవై ఐదు."

"ఇందాక పన్నెండన్నావు, ఇప్పుడు పదీ ఇరవై ఐదంటున్నావు" అంది డాక్టరమ్మ. కోపంగా కాదు, రోగిని అడిగినట్టు అడిగింది. "ఏది నమ్మాలి?"

"నన్ను నమ్మకండి. కొలబద్దని నమ్మండి. తొమ్మిదిన్నరకి నా లెక్క ప్రకారం నీళ్లు నలభై ఆరు దగ్గర ఉండాలి. సార్ లెక్క ప్రకారం డెబ్బై రెండు దగ్గర. నాలుగు నిమిషాల్లో తేలిపోతుంది."

అందరూ గోతి అంచుకు వంగారు. గోతి గోడకు బిగించిన కొలబద్ద మీద నీరు ఎగిరెగిరి పడుతోంది. సూపర్వైజరు టార్చి వేసి, అల లేచినప్పుడొకటి, దిగినప్పుడొకటి చూసి, మధ్యది చెప్పాడు.

"నలభై ఏడు."

డాక్టరమ్మ తొడుగులు మళ్లీ పెట్టెలో పడేసింది. "పదింబావు దాకా ఆగుతున్నాం."

తోడికోడలు టీచరమ్మను రెండు చేతులా చుట్టేసుకుంది. "నీ నోట్లో పంచదార పొయ్యా అక్కా! గంట తెచ్చిపెట్టావు."

టీచరమ్మ చూపు సుద్దగీతల మీదే ఉంది. అదే సమీకరణంలో ఇంకో విలువ వేసి చూసుకుంది అప్పటికే. చిన్నాడి నోరు కొలబద్ద మీద నూట తొంభై దగ్గర ఉంది. దానికి వచ్చిన సమాధానం ఎవరికీ చెప్పలేదు. మిషను పదకొండుకు వస్తే చెప్పాల్సిన అవసరమే రాదు. రావాలి, రావాలి అనుకుంటూ పెదవి కొరుక్కుంది.

పదింటికి అరవై ఐదు ఉండాలంది. అరవై ఆరు చూపింది. ఫైరువాళ్లు ఇసుక బస్తాలు దింపి సందు మూయబోయారు. నీరు వాటిని దిండ్లలా పక్కకు నెట్టేసింది. చిన్నాడికి ఎవరో వేడి టీ దింపారు. కప్పు ఒకచేత్తో పట్టుకుని, "మా వదిన క్లాసులో కూడా ఇంతమంది నిశ్శబ్దంగా ఉండరు" అన్నాడు. రెండు గుక్కలకే కప్పు జారి నీళ్లలో పడింది. దాన్ని తీయడానికి వంగలేకపోయాడు. మాట కూడా మెల్లగా ముద్దయిపోతోంది.

రక్తం చెప్పిన సమయానికి వచ్చింది. సీసా వేలాడదీసి, గొట్టం కిందికి దింపారు. రక్తంతోపాటే ఫోనులో ఇంకో కబురు వచ్చింది. దారిలో లారీ ఒకటి అడ్డంగా పడి ఉంది, రెస్క్యూ బండి చుట్టుతిరిగి రావాలి. పదకొండున్నర అవుతుంది.

గోరుచుట్టు మీద రోకటిపోటు. అయినా సూపర్వైజరు ధైర్యం చెప్పాడు. ఈసారి కాగితం కూడా తియ్యలేదు. "పర్లేదమ్మా. మన కళ్లతో చూస్తున్నాం కదా. తొమ్మిదింటి నుంచి ఇప్పటికి దాదాపు గంటన్నర. నీళ్లు అర మీటరు కూడా ఎక్కలేదు. నోటి దాకా రావాలంటే ఇంకో మీటరు. ఈ లెక్కన మూడు గంటలు. ఒంటిగంట దాటుతుంది. పదకొండున్నరకి బండి వస్తే బోలెడు టైముంది."

"అదే అదే" అంది తోడికోడలు. "కొయ్యద్దు డాక్టరుగారూ. కాలు పోతే ఈ మనిషి ఎలా బతుకుతాడు? నిచ్చెనలెక్కే ఉద్యోగం. ఆగుదాం."

డాక్టరమ్మ టీచరమ్మ వైపు తిరిగింది. "మీరేమంటారు?"

చెబితే కాలు పోతుంది. చెప్పకపోతే? తోడికోడలి కళ్లు తన ముఖం మీద ఉన్నాయి, ఇందాక గంట తెచ్చిపెట్టిన ముఖం మీద.

"మూడు గంటలు లేదు" అంది. "ఎనభై నిమిషాలే ఉంది. నోటికి వచ్చేది పదకొండూ ముప్పై ఆరుకి."

"అదేంటమ్మా?" అన్నాడు సూపర్వైజరు. "ఇందాక మెల్లగా ఎక్కుతాయన్నది మీరే కదా?"

"ఇందాక చివరన ఉన్నాయి సార్. ఇప్పుడు నడుమకు వస్తున్నాయి. ఇక్కడి నుంచి పరుగే. ఇందాక గంటన్నర పట్టిన ఎత్తు ఇప్పుడు నలభై నిమిషాలకే ఎక్కుతుంది, ఆ తర్వాత అంతకన్నా జోరుగా. బండి వచ్చాక జాకీలు దింపి బిగించడానికి ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు... పాతిక" అన్నాడు ఫైరు అధికారి.

ఎవరూ కూడిక చేయలేదు. చేయాల్సిన పనిలేదు.

తోడికోడలు లేచి నిలబడింది. అరికాలి మంట నెత్తికెక్కినట్టు ముఖం ఎర్రబడింది. "నీ మొగుడి కాలైతే ఇలాగే సుద్దముక్క పట్టుకుని లెక్కలేస్తావా అక్కా? చెప్పు! ఇందాక పన్నెండన్నావు, తప్పన్నావు. ఇదీ తప్పు కాదని ఏంటి నమ్మకం? ఫోను మళ్లీ చూసుకో! మళ్లీ చెయ్యి!"

"మూడుసార్లు చేశాను."

"నాలుగోసారి చెయ్యి!"

టీచరమ్మ నాలుగోసారి చేసింది. తోడికోడలు పక్కన నిలబడి చూస్తుంటే, ప్రతి అంకె పైకి చెబుతూ చేసింది. పదకొండూ ముప్పై ఆరు. తోడికోడలు ఆ సుద్దగీతలను చెప్పుకాలితో రుద్దేసింది. రుద్దినా అక్షరాలు పోలేదు, మసకబారాయి అంతే.

"వదినా!" కింద నుంచి చిన్నాడి గొంతు. "పైన ఏంటి గొడవ? నా కాలి గురించే అయితే నాకూ చెప్పండి."

టీచరమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నిచ్చెన దిగింది. నీళ్లు చల్లగా పిక్కలకు తగిలాయి. దగ్గరికి వెళ్తే చిన్నాడి పెదవులు నీలంగా ఉన్నాయి.

అంతా చెప్పింది. తగ్గించలేదు, తీపి పూయలేదు. సూపర్వైజరు లెక్క కూడా చెప్పింది, అతని మాట నిజమైతే పాదం దక్కే అవకాశం ఉందని కూడా.

చిన్నాడు నీళ్లలోకి చూశాడు. నీటి అడుగున తన కాలు ఎక్కడ ఆగిపోయిందో అక్కడికి.

"పదో తరగతిలో సైన్ తీటా అంటే భయపడి పారిపోయాను" అన్నాడు. "అది నన్ను వెతుక్కుంటూ వచ్చింది చూడు."

టీచరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకుంది.

"నీకు నమ్మకమేనా వదినా? ఖాయంగా చెప్పు."

"రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. గాలి కొంచెం లోపలికి కొడుతోంది, తేడా వస్తే ముందే వస్తుంది. అంతకుమించి తేడా రాదు."

"బండి పదకొండున్నరకే వస్తుందని ఖాయమా?"

"అది ఎవరూ చెప్పలేరు."

ఆ మాటకు తల ఊపాడు. "డాక్టరమ్మని దిగమను. మా ఆవిడని ఈ అంచు దగ్గర ఉంచకు, అవతలికి పంపించు. నువ్వు ఉండు."

డాక్టరమ్మ దిగేసరికి నీరు మోకాలి చిప్పకు బెత్తెడు కింద ఉంది. మత్తు ఇంజక్షను ఇచ్చారు. ఇద్దరు ఫైరువాళ్లు నడుం దగ్గర పట్టుకున్నారు. టీచరమ్మ అతని తలను తన భుజానికి అదిమిపట్టి, చెవి మీద చెయ్యి అడ్డం పెట్టింది. శబ్దం వాడికి వినపడకూడదని. తనకు వినపడింది. కొంచెంసేపు ఆమె ఏదో పైకి వల్లిస్తూ ఉండిపోయింది. ఏం వల్లించిందో తర్వాత ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. డాక్టరమ్మ "లాగండి" అన్నప్పుడు నీళ్లు మోకాలి మీదికి వచ్చేశాయి. తాడు బిగిసింది. చిన్నాడు ఆమె చేతుల్లోంచి పైకి లేచి, వెలుతురులోకి వెళ్లిపోయాడు.

అంబులెన్సులో ఒక్కరికే చోటు. తోడికోడలు ఎక్కింది. తలుపు మూసేదాకా టీచరమ్మ వైపు చూడలేదు.

సూపర్వైజరు తన బండి తాళాలు తీశాడు. "రండమ్మా, ఆసుపత్రికి దింపుతా."

"కాసేపు ఆగుదాం సార్."

ఎందుకని అతను అడగలేదు. ఇద్దరూ గోతి అంచున నిలబడ్డారు. ఆమె చీర మోకాళ్ల దాకా ఎర్రగా తడిసి, కాళ్లకు చుట్టుకుంది. నీళ్లు నిజంగానే పరుగందుకున్నాయి. కొలబద్ద మీద అంకెలు చూస్తుండగానే మునుగుతున్నాయి. "నేనైతే కొయ్యకుండా ఆపి ఉండేవాణ్ణి" అని సూపర్వైజరు తనలో తను అనుకున్నాడు.

పదకొండూ పాతిక కావస్తుండగా సైరను మోగించుకుంటూ రెస్క్యూ బండి వచ్చింది. దానిలోంచి దూకిన మనిషి గోతిలోకి చూసి, ఖాళీ తాడు చూసి, ఏం జరిగిందో అడగకుండానే టోపీ తీశాడు. నీళ్లు నూట తొంభైకి ఇంకా జానెడు కిందనే ఉన్నాయి.

"ఇప్పుడు దింపితే ఎంతసేపట్లో ఎత్తగలరు?" అని అడిగింది టీచరమ్మ.

"ఈ లోతు, ఈ ప్రవాహం..." అతను లోపలికి ఇంకోసారి చూశాడు. "ఎంత తొందరపడ్డా ఇరవై నిమిషాలు. అబద్ధం చెప్పనమ్మా, ఎక్కువే పడుతుంది."

ఆమె అక్కడే నిలబడింది. పదకొండూ ముప్పై నాలుగుకు నీళ్లు నూట తొంభై అంకెను మింగేశాయి. అప్పుడు వెళ్లి సూపర్వైజరు బండిలో కూర్చుంది.

చిన్నాడు బతికాడు. సాయంత్రానికి కళ్లు తెరిచాడు. వరండా బల్ల మీద తోడికోడళ్లిద్దరూ, మధ్యలో ఇంకో మనిషి కూర్చునేంత దూరంలో కూర్చున్నారు. చిన్నకోడలు గోడను చూస్తూ అడిగింది.

"బండి వచ్చిందా?"

రాలేదని చెప్పొచ్చు. ఎంత తేలిక! సూపర్వైజరు కూడా ఆ మాటే చెబుతానన్నాడు దారిలో.

"వచ్చింది" అంది టీచరమ్మ. "అప్పటికి నీళ్లు నోటికి ఇంకా జానెడు కింద ఉన్నాయి."

తోడికోడలు బల్ల మీద అరచెయ్యి పరిచింది. బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా సాగదీసి ఆ దూరాన్నే చూసింది. రోజూ బట్ట మీద కొలిచే చెయ్యి. "ఇది ఎక్కడానికి ఎంతసేపు?"

"పది నిమిషాలు పట్టింది."

"ఎత్తడానికి?"

"ఇరవై పైన."

తోడికోడలు చెయ్యి చాలాసేపు అలాగే బల్ల మీద ఉంచింది.

ఆ తర్వాత రెండు నెలలు మాటల్లేవు. టీచరమ్మ రోజూ మేడ దిగి చిన్నాడు వాళ్లుండే కింది వాటాకు వెళ్లేది, చిన్నాడి పక్కన కూర్చునేది, వచ్చేసేది. తోడికోడలు ఎదురొచ్చి తలుపు తీసేది, మంచినీళ్లు పెట్టేది, కుట్టుమిషను చప్పుడు పెంచేది. భర్త ఓడ దిగి వచ్చి తమ్ముణ్ణి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భార్యను మాత్రం ఏమనాలో తెలియక, ఆమె ముందు మాట్లాడేటప్పుడల్లా గొంతు తగ్గించేవాడు. చిన్నాడికి పెట్టుడు కాలు వచ్చింది. గేట్లు నడిపే గదిలో, మీటల ముందు కూర్చునే పని ఇచ్చారు. గోతిలోకి మనిషి దిగేముందు గేటుకు అడ్డంగా ఉక్కు కడ్డీ దూర్చాలని రేవులో కొత్త కట్టుబాటు పెట్టారు. పెట్టించింది చిన్నాడే.

ఒక ఆదివారం మధ్యాహ్నం తోడికోడలు మెట్లెక్కి పైకి వచ్చింది. చేతిలో బట్టల మీద గుర్తులు పెట్టుకునే సుద్ద బిళ్ల ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ లెక్క నాకు నేర్పు. మొదటి నుంచి."

"ఏ లెక్క?" అనలేదు టీచరమ్మ. పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి ముందు పెట్టింది.

తోడికోడలు చదివింది తొమ్మిదో తరగతి. కంపన పరిమితి అంటే నడుముకొలత దగ్గర నుంచి పైకెంత, కిందికెంత అని చెబితే ఇట్టే పట్టేసింది. ఆవర్తన కాలం అర్థం కావడానికి, మిషను చక్రం ఒక చుట్టు తిరిగితే సూది ఒకసారి కిందికీ పైకీ వెళ్లిరావడం గుర్తు చేయాల్సి వచ్చింది. "సూది కింద కొసన ఆగినట్టుంటుంది, నడుమ కనపడదు" అని తనే అంది, అని ఆగిపోయింది. మూడు పాయింట్ ఒకటి ఎందుకు తీసివేయాలో మాత్రం ఎంతకీ ఎక్కలేదు. విసుక్కుంది, సుద్ద విసిరేసింది, మళ్లీ తెచ్చుకుంది. ఫోనులో ముందుగా సైన్ ముప్పై నొక్కి, అర వచ్చిందో లేదో చూసుకుంది, ఎవరూ చెప్పకుండానే.

పొద్దు వాలేటప్పటికి సమాధానం వచ్చింది. పదకొండూ ముప్పై ఆరు. దాని చుట్టూ గీత గీసి చూస్తూ కూర్చుంది.

"నేనైతే చెప్పేదాన్ని కాదక్కా" అంది చివరికి. "ఈ లెక్క నాకు వచ్చినా సరే, నోరు విప్పేదాన్ని కాదు. బండి వస్తుందిలే అనుకుని కూర్చునేదాన్ని."

"నేనూ కూర్చున్నాను" అంది టీచరమ్మ. "తొమ్మిదిన్నరకే తెలుసు నాకు. పదింబావుదాకా చెప్పలేదు."

తోడికోడలు ఆమె వైపు తిరిగి చూసింది. కింద గదిలోంచి చిన్నాడు కేకేశాడు, చేతికర్ర అందడం లేదని, ఆడవాళ్లిద్దరూ కలిసి తన మీద ఏం కుట్ర పన్నుతున్నారని.

"వస్తున్నా, ఇల్లు ఎగిరిపోయేలా అరవకు!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచింది తోడికోడలు. మెట్ల దగ్గర ఆగి, "నువ్వూ రా అక్కా. ఆ మూడు పాయింట్ ఒకటి గొడవ ఇంకోసారి చెప్పు, ఆయనకి కూడా" అంది.

ఇద్దరూ కలిసి కిందికి దిగారు.